రొద నడుమ నిశ్శబ్దము – సికింద్రాబాదు నుండి అరకు దాక

ప్రయాణ మనగానే మనకు మంచినీళ్ల సీసాలు, పులిహోర పొట్లములు, పిల్లల ఉన్నిచొక్కాలు, పెట్టెల తాళముచెవులు జ్ఞప్తికి వచ్చును. కన్నులకు విందు చేయబోవుచున్నామని సంతసింతుము. కడుపునకు వలయునది ముందుగనే సమకూర్చుకొందుము. రాత్రి తెల్లవార్లు హోరును భరింపవలసిన చెవులను గూర్చి మాత్రము తలంచువారు మిక్కిలి అరుదు. రైలు దిగిన పిమ్మట తల దిమ్ముగా నుండుటయు, మాటిమాటికి విసుగు వచ్చుటయు, మరునా డంతయు నిద్రమత్తు విడువకుండుటయు మనలో పెక్కుమంది యనుభవించినవే. దానిని ప్రయాణపు బడలిక యని త్రోసివేయుదుము గాని, ఆ బడలికలో కొంతపాలు చెవుల త్రోవను వచ్చినదని గుర్తింపము. ఆ పాలును తగ్గించుటకు నేడొక సాధనము సామాన్య గృహస్థులకు గూడ అందుబాటులోనికి వచ్చినది. రొద నణచెడి హెడ్‌ఫోను అని దానిని బిలువవచ్చును. దాని గుణదోషములను అంగడిలో గాక ప్రయాణములోనే చూచితిని గావున, ఆ ప్రయాణముతోడనే విన్నవించెదను.

మార్గశిరమాసమున మా అమ్మయు, మా వదినయు, నేనును అరకులోయ చూచి రావలెనని బయలుదేరితిమి. సికింద్రాబాదు స్టేషనులో సామాను లెక్కపెట్టుకొనుచుండగా వదిన తన సంచినుండి గుడ్డతో జుట్టిన వస్తువు నొకదానిని దీసి మెడలో వేసికొనెను. రెండు మెత్తని గిన్నెల వంటివి ఒక వంపుబద్దకు అమర్చబడి యుండెను. వెల మూడువేల రూపాయలకు లోపు. అమ్మ దానిని దేఱిపాఱ జూచి, “ఇంటి కోడలు చెవులు మూసికొని కూర్చుండిన, పిలిచినవారికి పలుకువా రెవరే?” అనెను. అమ్మ నవ్వుచునే యన్నది. కాని ఆ మాట నవ్వి వదలివేయదగినది కాదు. ఇంటిలో పాలు పొంగిన చప్పుడు, పసివాని యేడుపు, తలుపు గంట, మామగారి దగ్గు, కుక్కరు కూత, వీనినన్నిటిని వినుటకు ఇల్లాలి చెవులు రేయింబవళ్లు తెఱచి యుండవలెనని యందఱును ఎదురుచూతురు. మగవాడు పత్రిక ముఖమున కడ్డము పెట్టుకొని గంటసేపు మౌనముగా నుండిన అది విశ్రాంతి; ఆడుది అట్లుండిన అది గర్వము. వదిన బదులు చెప్పక చిఱునవ్వు నవ్వి సామాను మోసెను.

వదిన ఆ వస్తువును సరదాకు గొన్నది కాదు. ఆమె ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇరువది యేండ్లుగా పిల్లల కేకల నడుమ గొంతెత్తి పాఠములు చెప్పినది. పాఠశాలకు బస్సులో పోయి బస్సులో వచ్చును. ఆ బస్సుల హోరులో పాటలు వినబడుటకై చిన్న ఇయర్‌ఫోనులు చెవులలో దూర్చుకొని ధ్వని పెంచుకొనుట ఆమెకు అలవాటయ్యెను. కొంతకాలమునకు రాత్రులందు చెవులలో కీచుమను మ్రోత బయలుదేరినది. చెవి వైద్యుడు పరీక్షించి, సన్నని ధ్వనులు కొంత మందగించినవనియు, పోయిన వినికిడి తిరిగి రాదనియు, ఉన్నదానిని గాపాడుకొనవలసిన దనియు జెప్పెను. మన చెవి లోపలి భాగమున నత్తగుల్లవలె చుట్టుకొని యున్న యొక చిన్న యవయవము గలదు. అందలి సూక్ష్మమైన రోమకణములు ధ్వనిని గ్రహించి నాడులకు అందించును. అధిక ధ్వనిచే అవి నశించిన యెడల మనుష్యులలో మరల మొలకెత్తవు. తల వెండ్రుకలు ఊడిన మరల వచ్చునేమో గాని, ఇవి రావు.

ఇందు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పిన లెక్క యొకటి మనమందఱము కంఠస్థము చేయదగినది. 80 డెసిబెళ్ల ధ్వనిని పెద్దలు వారమునకు 40 గంటలవఱకు వినవచ్చును. 90 డెసిబెళ్లయినచో వారమునకు 4 గంటలు మాత్రమే. 10 డెసిబెళ్లు పెరిగిన ధ్వనిశక్తి పదిరెట్లగును గనుక, కాలము పదవ వంతునకు దిగిపోయినది. పిల్లలకు ఈ హద్దు 75 డెసిబెళ్లే. బయటి హోరు 80 ఉన్నప్పుడు పాట వినబడవలె ననిన పాటను అంతకు మించి పెంచవలసి వచ్చును. హోరే తగ్గినచో పాటను మెల్లగా పెట్టుకొనిన చాలును. వదిన గొన్న వస్తువులోని ఉపకార మంతయు ఈ యొక్క మాటలో నున్నది. పాట పెంచుటకు గాక, పాట తగ్గించుటకే యామె దానిని గొనెను.

రైలు కదలెను. సికింద్రాబాదు నుండి విశాఖపట్టణమునకు సుమారు 700 కిలోమీటర్లు. ఒక రాత్రి ప్రయాణము. మాది చల్లగాలి పెట్టె. కిటికీలు మూసియుండుటచే బయటి గాలిహోరు లేదు గాని, పైకప్పునుండి వచ్చు గాలియంత్రపు ‘గుం’కారమును, క్రింద చక్రముల ఒరపిడియు ఎడతెగక యుండెను. కాజీపేట దాటిన పిమ్మట వదిన తన హెడ్‌ఫోనును నాకిచ్చి, “పాట పెట్టకుండ ఊరక పెట్టుకొని చూడు” మనెను. చెవులపై పెట్టుకొని మీట నొక్కగానే ఎవరో పెద్ద పంకా నొకదానిని ఆపివేసినట్లయ్యెను. గుంకారము పోయినది. చక్రముల ధ్వని దూరమున నెక్కడనో మెత్తని గుడ్డపై దొర్లినట్లుండెను. అయితే ఎదుటి బల్లపై కూర్చున్న ముసలమ్మగారు మనుమరాలిని మందలించుట స్పష్టముగ వినబడుచునే యున్నది. టీ అమ్మువాని కేకయు వినబడెను.

ఈ వింతకు కారణమును వదిన నాకు ఉయ్యాలతో పోల్చి చెప్పెను. ధ్వని యనగా గాలియొక్క ఊగులాట. ఊగుచున్న ఉయ్యాల మనవైపునకు వచ్చు నదనున అంతే బలముతో నెదురు నెట్టితిమేని అది నిలిచిపోవును. అదను తప్పి నెట్టితిమా, మరింత యూగును. హెడ్‌ఫోను వెలుపల నున్న చిన్న మైక్రోఫోను బయటి రొదను వినును. లోపలి చిన్న యంత్రము దానికి సరిగా నెదురైన ధ్వనిని తయారుచేసి చెవికంపును. రెండును గలసి, జమకు ఖర్చు సరిపోయినట్లు, సున్న యగును. పెద్ద ఉయ్యాల మెల్లగా నూగును గావున అదను పట్టుట సుకరము. తంబురా తీగవలె అతిత్వరగా కంపించు దానిని పట్టుట దుష్కరము. క్షణమునకు 100 మారులు కంపించు గుంకారపు తరంగము గాలిలో సుమారు 3.4 మీటర్ల పొడుగుండును. 3,000 మారులు కంపించు కీచుధ్వని తరంగము 11 సెంటీమీటర్లు మాత్రమే. అందుచేత ఈ యంత్రము ఎడతెగని మంద్రధ్వనిని చక్కగా నణచును. మనుష్యుల మాటలను, పసిపిల్లల యేడుపును, పళ్లెము క్రిందపడిన చప్పుడును అంతగా నణచలేదు. వానిలో తగ్గిన కొంతయు చెవిని మూసిన మెత్తవలన తగ్గినదే. దుకాణముల వారు సమస్త శబ్దములును మాయమగునని చెప్పుదురు. అది నమ్మి కొనినవారు ఆశాభంగము పొందుట నిశ్చయము.

ఈ సాధనము పుట్టుక కథయు ముచ్చటైనది. చెవులకు దగిలించుకొను హెడ్‌ఫోనులను 1910 ప్రాంతమున అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియేల్ బాల్డ్విన్ అను నాతడు తన వంటయింటిలో కూర్చుండి చేతితో తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు బంపెను. వంటయింట పుట్టిన వస్తువులన్నియు వంటకములే కానక్కర లేదు గదా! ఎదురు ధ్వనితో ధ్వనిని మాపవచ్చునను సూత్రమునకు జర్మనీ దేశపు పాల్ లూయెగ్ అను శాస్త్రజ్ఞుడు 1936లో అమెరికా పేటెంటు పొందెను. సూత్రము తెలిసినను దానిని చెవికి సరిపడునంత చిన్న వస్తువులో నిముడ్చుటకు చాలకాలము పట్టెను. 1978లో అమర్ బోస్ అను ఆచార్యుడు ఐరోపానుండి అమెరికాకు విమానములో తిరిగిపోవుచు, అందిచ్చిన హెడ్‌ఫోనులో పాట విందమన్న ఇంజను హోరుచే వినలేకపోయెను. ఆ విమానములోనే కాగితముపై లెక్కలు వేసి ఈ యుపాయమును సాధింపవచ్చునని నిశ్చయించెను. ఈతని తండ్రి వంగదేశీయుడు. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, ఆంగ్ల ప్రభుత్వమువారి బాధ తప్పించుకొని 1920లో అమెరికా చేరినవాడు.

1986 డిసెంబరు మాసమున ‘వాయేజర్’ అను చిన్న విమానము ఎక్కడను దిగక, మార్గమధ్యమున చమురు పోసికొనక, తొమ్మిది దినములలో భూమిని జుట్టివచ్చెను. దానిని నడపినవా రిద్దరు. అందొకరు జీనా యేగర్ అను వనిత. ఇరుకైన యా గదిలో ఇంజనుల ఘోష నడుమ అన్ని దినములు గడపిన వారి చెవులను గాపాడుటకు బోస్ సంస్థవారు తమ రొద నణచెడి హెడ్‌ఫోనులనే యిచ్చిరి. సామాన్య ప్రయాణికులకు ఆ సంస్థవారు వీనిని 2000లో అమ్మకమునకు దెచ్చిరి. నాడు ధనికులకే తగిన వస్తువు, నేడు పాఠశాల ఉపాధ్యాయిని తన జీతములో మిగుల్చుకొని కొనగల వస్తువైనది.

రాత్రి భోజనములైనవి. దీపము లార్పు వేళయైనది. ప్రక్క బల్లపై నొక పడుచువాడు తన ఫోనులో హాస్యచిత్రమును బిగ్గరగా పెట్టి చూచుచుండెను. వదిన చెవులపై హెడ్‌ఫోను ఉన్నను ఆ నవ్వులు, సంభాషణలు దూరి వచ్చుచునే యుండెను. మాటల నణచు శక్తి దానికి లేదని ఇంతకు ముందే విన్నవించితిని గదా. ఆమె హెడ్‌ఫోను దీసి, “బాబూ, మా అమ్మగారు పెద్దవారు. కొంచెము చెవికి పెట్టుకొని చూడవయ్యా” అని మెత్తగా నడిగెను. వాడు సిగ్గుపడి వెంటనే ఆపెను. రాత్రి పదిగంటల తరువాత ఇయర్‌ఫోనులు లేకుండ పాటలు మ్రోగింపరాదనియు, బిగ్గరగా మాటాడరాదనియు రైల్వేవారు 2022లో ఉత్తరువు లిచ్చియున్నారు. సహప్రయాణికులు వినని యెడల రైలు సిబ్బందికి చెప్పుకొనవచ్చును. యంత్రము హోరును మాన్పును. మర్యాద మనుష్యులే నేర్పుకొనవలెను.

నడిరేయి దాటినపిమ్మట అమ్మ నన్ను తట్టి లేపెను. రైలు కొవ్వూరు దాటి గోదావరి వంతెనపై కెక్కుచుండెను. గోదావరిని దాటునప్పుడు నిద్రలేచి నమస్కరించుట అమ్మకు చిన్ననాటి నియమము. ఆమె బాల్యమున దాటిన వంతెన 1900లో రాకపోకలకు దెఱచినది. అది 1997లో విశ్రాంతి గొన్నది. నేడది నీటిపై వృద్ధురాలివలె నిలిచి కొత్తవంతెనలపై రైళ్లు పోవుట చూచుచుండును. అమ్మ కిటికీ అద్దమునకు నుదురానించి చేతులు జోడించెను. చీకటిలో నీరు కానరాదు. నది యున్నదని తెలుపునది వంతెన చప్పుడే. నేలపై నడచునప్పుడు మందముగా నుండు చక్రముల ధ్వని వంతెనపై బోలుగా, గంభీరముగా మాఱి నిమిషముల తరబడి సాగును. వదిన హెడ్‌ఫోను పెట్టుకొనియే నిద్రించుచుండెను. “దానిని లేపవే, గోదావరి పోవుచున్నది” అని అమ్మ తొందరించెను. లేపితిని. ఆమె గబగబ హెడ్‌ఫోను దీసివేసి, రాజమహేంద్రవరపు దీపములు కనబడువఱకు ఆ చప్పుడును వినుచు కూర్చుండెను. ఆ యంత్రమునకు గాలిపంకా గుంకారమును, గోదావరి వంతెన నాదమును ఒక్కటే; రెండును మంద్రధ్వనులే. ఏది రొదయో, ఏది వినదగినదో అది యెఱుగదు. ఎఱిగి మీట నొక్కవలసినవారము మనము.

తెల్లవారుసరికి విశాఖ చేరితిమి. అచ్చటినుండి అరకునకు పోవునది కొత్తవలస–కిరండూలు మార్గము. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు దెచ్చుటకై 1960 తరువాతి దశాబ్దమున తూర్పుకనుమలను దొలిచి వేసినది. శృంగవరపుకోట, బొడ్డవర దాటువఱకు వరిమడులు, తాటితోపులు, మామిడితోటలు. శివలింగపురము మొదలుకొని కొండలు. త్యాడ, చిమిడిపల్లి, బొఱ్ఱా గుహలు, కరకవలస, శిమిలిగూడ – ఒక్కొక్క స్టేషనునకు గాలి చల్లబడుచు, లోయ లోతగుచు బోవును. శిమిలిగూడ సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. ఈ మార్గమున మొత్తము 50కి పైబడిన సొరంగములు గలవు. అద్దపు కప్పు గల విస్టాడోమ్ పెట్టెను ఈ మార్గమున 2017లో ప్రవేశపెట్టిరి; మాకు దానిలోనే చోటు దొరకెను. ఇరువైపుల కొండలు, తలపై నాకాశము, నడుమ సొరంగముల చీకటి!

మొదటి సొరంగములోనికి రైలు దూరగానే హోరు మూడింతలైనది. గోడలకు దగిలిన ధ్వని బయటకు పోవు త్రోవలేక మరల మనమీదికే వచ్చును. అమ్మ చెవులు మూసికొని ముఖము చిట్లించెను. వదిన మాటాడక తన హెడ్‌ఫోనును అమ్మ తలపై దొడిగి మీట నొక్కెను. అమ్మ కన్నులు పెద్దవి చేసి అటునిటు చూచినది. “అత్తయ్యా, ఎట్లున్నది?” అని వదిన మెల్లగా నడిగెను. “నీ మాట వినబడుచున్నదే! రైలే వినబడుట లేదు!” అని అమ్మ యాశ్చర్యపడెను. తరువాత కొంతసేపు మాటాడక కూర్చుండి, “ఇంత హోరున్నదని అది పోవువఱకు నాకు తెలియనే లేదు” అనెను. ఆ మాట నా మనస్సున నాటినది. ఎడతెగని రొద యెట్లు చెవికి అలవాటై శరీరమును మాత్రము అలయించుచుండునో అమ్మ ఒక్క వాక్యమున జెప్పినది. పలుకువా రెవరే యని ముందటి దినమున నడిగిన యామెయే, పిలిచిన వినబడునని తెలిసికొనెను.

రెండవ సొరంగములో పెట్టెలోని పిల్లలందఱు ఒక్కసారిగా ఈలలు వేసి, కేకలు పెట్టిరి. సొరంగములో అఱచుట ఈ మార్గమున పిల్లలకు పండుగ. హోరు పోయినందున ఆ కేకలు అమ్మకు మరింత స్పష్టముగ వినబడి, ఆమె పకపక నవ్వెను. ఆ పిమ్మట హెడ్‌ఫోనును వదినకు తిరిగి యిచ్చి, “పిల్లల అల్లరి విననీ, నీవు పెట్టుకో. ఎవరైన పిలిచిన నేను పలికెదను లే” అనెను. కోడలు విశ్రమించుటకు అత్తగారు కాపు గాచుట కంటె శుభము వేరొకటి యేమున్నది!

అరకులో రెండుదినము లుంటిమి. వలిసె చేలు పసుపు పఱచినట్లు పూచియుండెను. కాఫీ తోటలలో వెండిఓకు చెట్ల నీడన మిరియపు తీగలు ప్రాకుచుండెను. ఉదయమున మంచు లోయలోనుండి మెల్లగా లేచును. ఆ రెండుదినములును వదిన హెడ్‌ఫోను సంచినుండి వెలికి రాలేదు. గాలి, ఆవుల గంటలు, సంతకు పోవు గిరిజన స్త్రీల మాటలు – వీనిలో అణచవలసిన దేమున్నది? నిజమైన నిశ్శబ్దము మూడువేల రూపాయలకు దొరకదు. కాని నగరములలో నివసించి, ఇట్టిచోటికి ఏడాది కొకసారియైన రాలేని మనకు, నడుమ దినములలో చెవులను గాపాడుకొనుటకు అది చాలును.

ఇక కొనదలచిన సోదరీమణుల కొఱకు నాలుగు మాటలు. చెవిలో నిముడు ఇయర్‌బడ్ల రకము 1,500 మొదలు 3,000 రూపాయలలో దొరకును. తలపైనుండి వచ్చి చెవులను పూర్తిగా కప్పు రకము 3,000 మొదలు 10,000 వఱకు గలదు. పాతికవేలు, ముప్పదివేలు పెట్టి కొను రకములు రొదను మరికొంత యెక్కువగా నణచుట నిజమే. కాని ఏడాదికి నాలుగు ప్రయాణములు చేయు గృహిణికి ఆ వ్యత్యాసము నగ యమ్ముకొనదగినంత గాదు. పెట్టెమీద వ్రాసిన అక్షరములను జాగ్రత్తగా జదువవలెను. ‘ఏ.ఎన్.సి.’ యని యున్నచో అది మన చెవికి రొదను తగ్గించునది. ‘ఇ.ఎన్.సి.’ యని మాత్రమే యున్నచో అది ఫోనులో మనతో మాటాడువారికి మన చుట్టునున్న రొద వినబడకుండ చేయునది. మన చెవికి దానివలన ఉపశమనము లేదు. ఈ యొక్క అక్షరభేదము తెలియక మోసపోవువారు పెక్కుమంది. బ్యాటరీ యైపోయినను తీగతో వినుటకు వీలున్నదేమో చూడవలెను; విమానములలోని తెరలకు కొన్నిట తీగయే కావలసి వచ్చును.

దుకాణములలో చెప్పని సంగతులు మన స్త్రీలకు మరికొన్ని గలవు. పెద్ద దుద్దులు, జూకాలు, మాటీలు ఉన్నచో చెవులను కప్పు రకము వానిని అదిమి నొప్పించును. సందు ఏర్పడి హోరు లోపలికి వచ్చును. ప్రయాణమునకు చిన్న దిద్దులు మేలు. కొప్పు నడినెత్తిన నున్నచో బద్ద నిలువదు. జడయో, మెడపై ముడియో అనుకూలము. కండ్లజోడు కాడలును కొంత సందు చేయును. బరువును చూచుకొనవలెను. 2023లో వచ్చిన సోనీ వారి సి.హెచ్.720ఎన్ అను రకము 192 గ్రాములు మాత్రమే తూగును. అంతకు మిక్కిలి బరువైనవి గంటసేపటికే మెడను నొప్పించును. ప్రక్కకు తిరిగి పండుకొను అలవాటున్నవారికి ఇయర్‌బడ్లే సుఖము. కాని నిద్రలో జారి బల్ల సందున పడినచో వెదకుట కష్టము. ఇయర్‌బడ్లతో మూడు పరిమాణముల రబ్బరు మొనలు వచ్చును. మన చెవికి బిగువుగా సరిపోవు దానిని ఎన్నుకొననిచో ఎంత వెల పెట్టినను ఫలము సున్న. తలంటి పోసికొనిన దినమున చెవి తడిగా నుండగా పెట్టుకొనరాదు. నూనె తలకు మెత్తలు చెడిపోవును, పొడిగుడ్డతో తుడుచుచుండవలెను. ఒకరి ఇయర్‌బడ్లు వేరొకరు పెట్టుకొనుట, ఒకరి దువ్వెన వేరొకరు వాడుట కంటెను తగదు. కిటికీ తెఱచియున్న పెట్టెలో గాలి నేరుగా మైక్రోఫోనుపై కొట్టి బుసబుసమను చప్పుడు పుట్టించును. అప్పుడు కిటికీనుండి కొంత లోపలికి జరుగుటయే మందు. కొందఱికి మీట నొక్కగానే కొండ యెక్కినప్పటివలె చెవులు బిగిసినట్లుండును. అట్టివారు అంగడిలోనే పావుగంట పెట్టి చూచుకొని కొనవలెను.

మూయకూడని వేళలును గలవు. ప్లాట్‌ఫారముపై, రోడ్డు దాటునప్పుడు, రైలుకట్ట దగ్గఱ, ఒంటరిగా ఆటోలో పోవునప్పుడు, వెంట పసిపిల్ల లున్నప్పుడు చెవులు తెఱచియే యుండవలెను. దిగవలసిన స్టేషను దగ్గఱపడగనే తీసివేయవలెను. నిద్రించు వేళ చేతిసంచి తలక్రింద నుండవలెను. ఫోనులో ధ్వనిని 60 పాళ్లకు మించనీయరాదు. చెవిలో మ్రోత, పోటు, చీము ఉన్నవారును, వినికిడి యంత్రము వాడు వృద్ధులును వైద్యుని అడిగి వాడవలెను. ఈ వస్తువు వైద్యము కాదు; పోయిన వినికిడిని తిరిగి తేలేదు.

మా వదిన చెవులలోని మ్రోత పూర్తిగా పోలేదు. పోవునని వైద్యుడును చెప్పలేదు. కాని ఆమె ఇప్పుడు పాటలను మునుపటిలో సగము ధ్వనితో వినుచున్నది. ప్రయాణము చేసి వచ్చిన మరునాడు తలపట్టుకొని కూర్చుండక పాఠశాలకు పోవుచున్నది. ఇంటిలోను భోజనములైన పిమ్మట అరగంట యామెకు విడువబడినది. ఆ యరగంటలో ఆమెను పిలువరాదని శాసించినది మా అమ్మయే. సోదరీమణులారా, కన్నులు చెడినచో లోకులు వెంటనే గుర్తింతురు. చెవులు మెల్లమెల్లగా, ఎవరికిని తెలియకుండ పోవును. పండుగకొక చీరె కొనుకొను మనము, ఆ చీరె వెలలో, మన వినికిడిని కాచునట్టి వస్తువు నొకదానిని కొనుట దుబారా కాదు. హోరును మూసి, పిలుపును విడిచి, వినదగిన దానికి చెవి యొగ్గుట నేర్చుకొందము. అట్లు దాచుకొనిన చెవులే రేపు మన మనుమల ముద్దుపలుకులు వినుటకు మిగులును.